ముందు మీ పేరు వెనక్కి తీసుకోండి

ప్రశ్న: నాది విజయవాడ. ఫుడ్ టెక్నాలజీ చదివి చాలా ఏళ్లు కంపెనీల్లో క్వాలిటీ విభాగంలో పనిచేశాను. ఇప్పుడు సొంతంగా ఫుడ్ సేఫ్టీ కన్సల్టెంట్‌గా చేస్తున్నాను. పచ్చళ్ల యూనిట్లు, స్వీట్ షాపులు, కారం మిల్లులు నా క్లయింట్లు. దసరాకి ముందు హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీ యజమాని ఫోన్ చేసి, "ఫుడ్ విభాగం పెడుతున్నాం, పార్ట్‌నర్‌గా రండి, ముప్పై శాతం వాటా" అన్నారు. అప్పట్నుంచి తెల్లారే శాతవాహన రైలు ఎక్కడం, రాత్రికి తిరిగి రావడం. వెళ్లినప్పుడల్లా కొత్త మనిషిని పరిచయం చేసేవారు, వాటా కాగితం మాత్రం "వచ్చే మీటింగ్‌లో" అనేవారు. ఒక ఆవకాయ యూనిట్‌కి నేను చేసిన హాసప్ ప్లాన్ (తయారీలో ఏ దశలో ఏ ప్రమాదముందో, దాన్ని ఎలా అదుపుచేయాలో రాసే కాగితం) నమూనాగా అడిగితే పంపాను. వాళ్ల తరఫున రెండు చోట్ల ఆడిట్ చేశాను, చార్జీలు కూడా అడగలేదు. గోప్యతా ఒప్పందం అని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. రెండేళ్లు ఈ రంగంలో ఇంకెవరితోనూ పనిచేయకూడదని అందులో ఉంది. సంక్రాంతి తర్వాత, ఇన్వెస్టర్‌కి చూపించాలంటూ ప్రతి పేజీ మీద సంతకంతో నా సీవీ అడిగితే కొరియర్ చేశాను. ఇక ఆయన ఫోన్ ఎత్తడం మానేశారు. "బిజీగా ఉన్నాను, నేనే చేస్తాను" అని మెసేజ్, అంతే. ఈమధ్య వాళ్ల బ్రోచర్‌లో నా ఫోటో కనిపించింది, కింద "పార్ట్‌నర్" అని. నా ఆవకాయ ప్లాన్‌కి వాళ్ల లోగో పెట్టి ఒక చికెన్ పచ్చడి యూనిట్‌కి ఇచ్చారు. ఫైల్ వివరాల్లో తయారుచేసినవారిగా ఇంకా నా పేరే ఉంది. మావారు "వదిలెయ్, ఫీల్డ్‌లో పేరు పాడవుతుంది" అంటున్నారు. నిద్ర పట్టడం లేదు. గుంటూరులో నాలాగే సొంతంగా చేసే స్నేహితురాలు కలిసి పనిచేద్దామని అడుగుతోంది. ఆమెకు ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

సమాధానం: ఆయన మిమ్మల్ని నెలల తరబడి తిప్పించుకోవడం గురించే మీరు ఎక్కువ రాశారు. ఆ బాధ నాకు అర్థమైంది. కానీ మీరు ఒక్కో వాక్యంలో దాటేసిన మూడు సంగతులు నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. సంతకం చేసిన సీవీ, బ్రోచర్‌లో ఫోటో, చికెన్ పచ్చడి యూనిట్‌కి వెళ్లిన ప్లాన్. ఈ మూడు చోట్లా మీకు తెలియకుండా మీ పేరు చలామణీ అవుతోంది. డబ్బు, కోపం, ఆయన ఎందుకిలా చేశారన్న ప్రశ్న, ఇవన్నీ తర్వాత. ముందు మీ పేరు మీ చేతిలోకి రావాలి.

అన్నింటికన్నా తొందరగా చూడాల్సింది చికెన్ పచ్చడి సంగతి. ఇది మీకు నేను చెప్పాల్సిన విషయం కాదు, చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. మామిడికాయ పులుపు వల్ల ఆవకాయలో పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సహజంగానే 4.6 కన్నా కిందే ఉంటుంది. బోట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం తెచ్చే బ్యాక్టీరియా అంత పులుపులో పెరగలేదు. చికెన్‌లో ఆ పులుపు ఉండదు. నిమ్మరసమో వెనిగరో ఎంత పడింది, ముక్క లోపలిదాకా పట్టిందా, వేపుడులో తేమ ఎంత పోయింది అన్న లెక్కలన్నీ వేరు. పైన నూనె తేలుతూ, గాలి చొరకుండా మూత బిగించిన సీసా ఆ బ్యాక్టీరియాకి సరిగ్గా కావలసిన చోటు. ఆవకాయ కోసం రాసిన ప్లాన్‌ను పేరు మార్చి అక్కడ అతికిస్తే, ఏ దశలో జాగ్రత్తపడాలో చెప్పే కాగితమే తప్పుదారి పట్టిస్తుంది. రేపు ఎవరికైనా ఏదైనా జరిగి అధికారులు ఆ ఫైల్ తెరిస్తే కనిపించేది మీ పేరు.

అందుకే మీవారి మాటతో నేను ఏకీభవించలేను. మీ మంచి కోరే అలా అంటున్నారు, అందులో అనుమానం లేదు. కానీ ఇక్కడ ఊరుకుంటేనే పేరు పాడయ్యే ప్రమాదం ఎక్కువ. ఆ యూనిట్ వాళ్లకు ఈ రెండు రోజుల్లోనే రాతపూర్వకంగా తెలియజేయండి: ఈ ప్లాన్ మీ ఉత్పత్తి కోసం చేసింది కాదు, మీ యూనిట్‌ను నేను చూడలేదు, దీన్ని పక్కనపెట్టి కొత్తగా చేయించుకోండి. ఆ కన్సల్టెన్సీ గురించి ఒక్క చెడ్డమాట కూడా అందులో వద్దు. ఆ పని మీకే ఇవ్వమని కూడా అడగవద్దు. అడిగితే మీ హెచ్చరిక వ్యాపారం కోసం చేసినదిగా కనిపిస్తుంది.

ఆవకాయ యూనిట్ యజమానికి కూడా మీరే ఫోన్ చేసి చెప్పాలి. ఆ ప్లాన్‌లో వాళ్ల పద్ధతులు, వాళ్ల కొలతలు ఉంటాయి కదా. నమూనాగా ఒకచోటికి పంపితే ఇలా జరిగిందని ఇంకెవరి నోటనో తెలిసేలోపు మీ నోటనే తెలియడం మంచిది. కష్టమైన ఫోనే. అయినా మీ క్లయింట్లు మీ దగ్గరకు వచ్చేది నమ్మకంతోనే కాబట్టి తప్పదు.

ఇక సీవీ. ఇన్వెస్టర్‌కి మనిషి వివరాలు కావాలంటే మెయిల్‌లో పీడీఎఫ్ చాలు. ప్రతి పేజీ మీద సంతకం చేసి కొరియర్ చేయమన్నారంటే నా అనుమానం టెండర్ మీదకే పోతోంది. ప్రభుత్వ శాఖలు, కార్పొరేషన్లు కన్సల్టెంట్లను ఎంచుకునేటప్పుడు చాలాసార్లు తక్కువ రేటు ఒక్కటే చూడవు. నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేస్తాయి. ఆ నాణ్యత మార్కుల్లో పెద్ద వాటా పనిచేయబోయే నిపుణుల చదువుకూ అనుభవానికీ పోతుంది. వాళ్ల సీవీలను, నిపుణుల సంతకంతో సహా, జతచేయమని అడగడం మామూలే. ఫుడ్ విభాగమే లేని సంస్థకి ఫుడ్ టెండర్ వేయాలంటే మీలాంటి ఒక అనుభవజ్ఞురాలి సీవీ కావాలి. ఇది నా అంచనా మాత్రమే, ఆయన తప్పు చేశారని నేను తీర్పు చెప్పడం లేదు. మీరే తేల్చుకోవచ్చు. ప్రభుత్వ టెండర్లు పెట్టే ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో ఆ నెలల్లో ఆహార రంగానికి సంబంధించి ఏ టెండర్లు పడ్డాయో, ఎవరికి దక్కాయో వెతకండి. అనుమానం ఉన్న టెండర్ దొరికితే ఆ శాఖకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. కేంద్ర సంస్థ అయితే ఫీజు పది రూపాయలు. ఏ శాఖైనా జవాబుకి 30 రోజుల గడువు. కీలక నిపుణుల జాబితాలో మీ పేరు ఉందా అన్నది మీ గురించిన సమాచారమే కాబట్టి అడగడానికి సంకోచం అక్కర్లేదు.

ఒకవేళ మీ పేరు చూపించి టెండర్ గెలిచి ఉంటే పరిస్థితి తిరగబడుతుంది. ఇలాంటి కాంట్రాక్టుల్లో కీలక నిపుణులను మార్చాలంటే సాధారణంగా ఆ శాఖ అనుమతి కావాలి. అంటే ఇప్పుడు మీ అవసరం ఆయనకుంది. అప్పుడు ఆయన ఫోన్ తప్పకుండా వస్తుంది, మాట చాలా తియ్యగా ఉంటుంది. ఆ రోజు వాటా గురించి ఒక్క మాట కూడా ఎత్తనివ్వకండి. నెలకి ఇంత ఫీజు, ఇన్ని రోజుల పని, అడ్వాన్స్ ఇంత, అది రాసిచ్చాకే మిగతా మాట. ఆయనతో పనిచేయడమే ఇష్టం లేకపోతే అదీ మీ హక్కే. మనసు చెప్పినట్టు చేయండి.

బ్రోచర్ విషయంలో చట్టం మీరు అనుకున్నదానికన్నా గట్టిగా ఉంది. 1932 నాటి భాగస్వామ్య చట్టం 28వ సెక్షన్ ప్రకారం, ఒక సంస్థలో తాను భాగస్వామినని చెప్పుకున్నవాళ్లే కాదు, ఎవరో అలా చెబుతుంటే తెలిసీ ఊరుకున్నవాళ్లు కూడా, ఆ మాట నమ్మి సంస్థకి అప్పు ఇచ్చినవారికి భాగస్వామిలాగే బాధ్యులవుతారు. ఎల్‌ఎల్‌పీ (భాగస్వాముల బాధ్యతకి హద్దు ఉండే సంస్థ) చట్టంలోనూ ఇలాంటి నిబంధన ఉంది. నిన్నటిదాకా మీకు తెలియదు. ఇప్పుడు తెలిసింది, బ్రోచర్ కళ్లారా చూశారు. ఇకనుంచి ఊరుకుంటే "తెలిసీ ఊరుకున్నారు" అనే అవకాశం ఇచ్చినట్టే. వాళ్లది కంపెనీయా, ఎల్‌ఎల్‌పీయా, మామూలు ఫర్మా అన్నది కూడా చూడండి. మొదటి రెండింటి వివరాలు కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే "పార్ట్‌నర్" అనేది విజిటింగ్ కార్డు మీది హోదా మాత్రమే, ఈ సెక్షన్ భయం తగ్గుతుంది. అయినా పేరు తీయించాల్సిందే. ఇంకో మాట. భాగస్వామ్యానికి కాగితం ఉండి తీరాలని మన చట్టం అనదు, మాట మీద, నడవడిక మీద కూడా ఏర్పడుతుంది. కాబట్టి ఆయనకి రాసే మెసేజ్‌ల్లో "మన ఆఫీసు", "మన క్లయింట్" అనే మాటలు ఇకమీద రానివ్వకండి.

ఆయనకి పంపాల్సిన లేఖ చిన్నదిగా ఉండాలి. ఇలా రాయవచ్చు: "మీ సంస్థలో భాగస్వామిగా చేరే విషయం చర్చల దశలోనే ఆగిపోయింది. నేను ఏనాడూ మీ భాగస్వామిని కాను. ఫలానా తేదీన పంపిన నా సీవీని ఏ టెండర్‌కీ, ఏ ప్రతిపాదనకీ వాడటానికి నా అనుమతి లేదు. ఇప్పటికే వాడి ఉంటే ఎక్కడ వాడారో ఏడు రోజుల్లో తెలపండి. బ్రోచర్ నుంచి, మీ ఇతర ప్రచార సామగ్రి నుంచి నా పేరు, ఫోటో తొలగించండి. నేను తయారుచేసిన హాసప్ ప్లాన్‌ను ఏ యూనిట్‌కీ ఇవ్వవద్దు, ఇచ్చినచోట వెనక్కి తీసుకోండి." అంతే. మీరు పడ్డ శ్రమ, చెప్పులరిగేలా తిరిగిన సంగతి, ఆయన మాట తప్పడం, ఇవేవీ ఇందులో రాయకండి. రాయాలని చేయి లాగుతుంది, నాకు తెలుసు. ఆ నాలుగు మాటలు కలిస్తే ఇది అలకగా చదువుకుంటారు, కలపకపోతే నోటీసుగా చదువుకుంటారు. మెయిల్‌లో ఒకటి, స్పీడ్ పోస్ట్‌లో ఒకటి పంపండి. రసీదు దాచుకోండి.

లేఖ పంపేముందే ఆధారాలు భద్రం చేయండి. వాట్సాప్ సంభాషణ మొత్తం, ఆడిట్‌కి వెళ్లమని ఆయన అడ్రసులు పంపిన మెసేజ్‌లు, రైలు టికెట్లు, కొరియర్ రసీదు, బ్రోచర్ కాపీ. వాళ్ల లోగోతో ఉన్న ప్లాన్ ఫైల్‌ను తెరిచి మళ్లీ సేవ్ చేయకండి, లోపలి వివరాలు మారిపోవచ్చు. వచ్చిన మెయిల్ అలాగే ఉంచండి. ఎలక్ట్రానిక్ ఆధారం కోర్టులో చూపాలంటే సర్టిఫికెట్ జతచేయాల్సి వస్తుంది కాబట్టి ఆ మెసేజ్‌లున్న ఫోన్ మార్చడం, అమ్మడం కూడా ఇప్పట్లో వద్దు.

డబ్బు సంగతికి వస్తే, బిల్లు పంపండి. పార్ట్‌నర్ కాబోతున్నాను కదా అని చేసినదానికి బిల్లు ఎలా వేస్తామని మీకు మొహమాటంగా ఉంటుంది. వెయ్యవచ్చు. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు పని చేసి, దాని లాభం ఇంకొకరు అనుభవిస్తే పరిహారం ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. ప్లాన్ మీద కాపీరైట్ కూడా మీదే. మీరు వాళ్ల ఉద్యోగి కాదు, హక్కులు బదిలీ చేస్తూ సంతకం పెట్టిన కాగితమేదీ ఉన్నట్టు మీరు రాయలేదు. ఆ గోప్యతా కాగితంలో మాత్రం అలాంటి వాక్యం దాగి ఉందేమో ఒకసారి పూర్తిగా చదవండి. రెండు ఆడిట్లకి మీ మామూలు రేటు, ప్లాన్ వాడుకున్నందుకు ఒక ఫీజు, ప్రయాణ ఖర్చులు విడిగా రాయండి. మీటింగ్‌ల కోసం తిరిగిన రోజులకి మాత్రం వేయకండి. అది చర్చల్లో ఇద్దరూ పెట్టుకునే ఖర్చు, దాన్ని కలిపితే నిలబడే లెక్క కూడా బలహీనపడుతుంది.

ఈ డబ్బు పూర్తిగా వస్తుందని నేను మాటివ్వలేను. "ఆవిడే ఉత్సాహపడి చేశారు" అని ఆయన వాదించవచ్చు. దావాకి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి కంగారు లేదు. బిల్లుకి జవాబు రాకపోతే కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. చాలామందికి ఇది తెలియక లాయర్ ఫీజు తలుచుకునే ఆగిపోతారు. కేసు వేయకముందే రెండు పక్షాలనూ పిలిచి రాజీ కుదిర్చే ప్రయత్నం కూడా అక్కడ జరుగుతుంది.

అక్కడికి వెళ్లినప్పుడే ఆ గోప్యతా కాగితం కూడా చూపించండి. రెండేళ్లు ఇంకెవరితోనూ పనిచేయకూడదన్న షరతు మీ నిద్ర పాడుచేసే వాటిలో ఒకటని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. చట్టబద్ధమైన వృత్తి చేసుకోకుండా ఎవరినైనా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అంటుంది. కొన్ని మినహాయింపులున్నాయి. భాగస్వాముల మధ్య పెట్టుకునేవి కూడా వాటిలో ఉన్నాయి, మీరు భాగస్వామి కాలేదని లేఖలో స్పష్టంగా రాయమన్నది ఇందుకు కూడా. అయితే వాళ్ల రహస్యాలు బయటపెట్టకూడదన్న భాగం చెల్లుతుంది. వాళ్ల రేట్లు, వాళ్ల క్లయింట్ల వివరాలు ఎవరి దగ్గరా ఎత్తకండి. మీ పచ్చళ్ల యూనిట్లు, మీ కారం మిల్లుల పని మీరు నిశ్చింతగా చేసుకోండి.

మీరు నన్ను నేరుగా అడగని ప్రశ్న ఒకటుంది. ఇంత అనుభవం ఉండి ఎలా నమ్మాను అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నారు. అలా తిట్టుకోకండి. సొంతంగా కన్సల్టెన్సీ చేసేవాళ్ల ఒంటరితనం బయటివాళ్లకి తెలియదు. రిపోర్టు పూర్తయ్యాక పక్క సీటులో చూపించడానికి మనిషి ఉండరు. జ్వరమొస్తే పని ఆగిపోతుంది. క్లయింట్ రేటు దగ్గర బేరమాడితే మన తరఫున మాట్లాడేవాళ్లు ఉండరు. అలాంటప్పుడు ఒకాయన ఫోన్ చేసి, మీ విలువ నాకు తెలుసు, సగం బరువు నేను మోస్తాను అంటే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. మీరు కోరుకున్నదాంట్లో తప్పు లేదు. ఆయన కాదు అని సూటిగా చెప్పి ఉంటే రెండు రోజులు బాధపడి మర్చిపోయేవారు. జవాబే రాకపోవడం వల్ల మనసు ఇంకా హైదరాబాద్ మీటింగ్ రూమ్‌లోనే కూర్చుని ఉంది. పైన చెప్పిన లేఖతో ఆ జవాబు మీరే రాసేస్తారు. ఇక ఆయన ఫోన్ కోసం చూడాల్సిన పని ఉండదు.

గుంటూరు స్నేహితురాలి విషయం వేరు. ఆమెను ఈ అనుభవంతో కొలవకండి, దూరమూ పెట్టకండి. కాకపోతే వాటాలతో మొదలుపెట్టవద్దు. ఒక్క పనితో మొదలుపెట్టండి. ఏదైనా కారం మిల్లు ఆడిట్ ఇద్దరూ కలిసి ఒప్పుకోండి. ఎండు మిరపలో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల చేరే విషం) పరీక్షలు, ఆరబోత, నిల్వ ఒకరు చూస్తే, మిల్లింగ్, ప్యాకింగ్, రికార్డులు ఇంకొకరు చూడవచ్చు. దానికి అర పేజీ కాగితం రాసుకోండి. బిల్లు ఎవరి పేరు మీద, ఎవరికెంత, క్లయింట్ డబ్బు ఆలస్యం చేస్తే నష్టం ఎవరిది, ఆర్నెల్ల తర్వాత అదే మిల్లు మళ్లీ పిలిస్తే ఎవరు వెళ్లాలి. ఈ ఆఖరి ప్రశ్న దగ్గరే స్నేహాలు చెడతాయి, కాబట్టి అది మొదట రాయండి. ఇద్దరూ ఉద్యం (చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వ నమోదు) చేయించుకోండి, అది ఉచితం. చిన్న సంస్థ చేసిన సేవకి రాత ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతుంది. పని మొదలయ్యేముందే నమోదు ఉంటే వాదనకి తావుండదు.

అలా కొన్ని పనులు చేశాక, బాకీ రానప్పుడు ఆమె ఎలా ఉంటుందో, గడువు మీద పడినప్పుడు మీరు ఎలా ఉంటారో ఒకరికొకరు తెలిశాక, అప్పుడు సంస్థ పెట్టే మాట. వేరుగా రాసుకోకపోతే లాభనష్టాలు చెరిసగమని, పనిచేసినందుకు జీతం లేదని భాగస్వామ్య చట్టం అనుకుంటుంది. సంస్థ అప్పులకు ఇద్దరి సొంత ఆస్తులూ బాధ్యత వహించాలి. ఎల్‌ఎల్‌పీలో ఈ బాధ్యతకి హద్దు ఉంటుంది, ఏటా దాఖలు చేసే కాగితాల ఖర్చు మాత్రం ఎక్కువ. మామూలు ఫర్మ్ పెడితే రిజిస్టర్ చేయించండి. చేయించకపోతే రేపు డబ్బు ఎగ్గొట్టినవాళ్ల మీద ఒప్పందం ఆధారంగా సంస్థ దావా వేయలేదు.

ఆమెకు ఈ వారమే ఫోన్ చేయండి. హైదరాబాద్ కథ మొత్తం చెప్పండి, ముఖ్యంగా మీరు సంతకం చేసిన ఆ రెండేళ్ల షరతు సంగతి. రేపు ఆ కన్సల్టెన్సీ నుంచి ఏదైనా నోటీసు వస్తే అది ఆమె క్లయింట్లను కూడా కంగారుపెట్టవచ్చు. లాయర్ దాని గురించి ఏమన్నారో విన్నాకే, కలిసి పనిచేయాలో లేదో ఆమెను నిర్ణయించుకోనివ్వండి.